దిగడానికి సైకిలు, ఎక్కడానికి బండి

అలిపిరిలో మెట్లెక్కే భక్తులు సామాను కౌంటర్లో అప్పగిస్తారు. మనిషి నడిచి కొండెక్కుతాడు, సంచీ బండిలో ఎక్కుతుంది, పైన రెండూ కలుసుకుంటాయి. డౌన్‌హిల్ సైక్లింగ్ అనే ఆటలో ఈ ఏర్పాటు కాస్త మారుతుంది. ఇక్కడ మనిషీ, సామానూ రెండూ బండిలోనే ఎక్కుతాయి. పైకి చేరాక మనిషి ముఖం మొత్తం కప్పే హెల్మెట్ బిగించుకుని, రాళ్ళూ చెట్ల వేళ్ళూ అడ్డం పడిన సన్నటి దారిలో సైకిలు మీద కిందికి వస్తాడు. వచ్చి మళ్ళీ బండెక్కుతాడు. పుణ్యం సంగతి చెప్పలేం గాని పెట్రోలు ఖర్చు మాత్రం ఖాయం.

సైకిలంటూ ఉన్నాక తొక్కుకుంటూ ఎక్కవచ్చు కదా అన్న ప్రశ్న సబబైనదే. ఆ సైకిలును ఒకసారి చూస్తే జవాబు దొరుకుతుంది. డౌన్‌హిల్ సైకిలుకు ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల దాకా కుంగే షాకులుంటాయి. ముందు ఫోర్కు మోటారు సైకిలు ఫోర్కులా హ్యాండిల్ దాకా రెండు బిగింపులతో వస్తుంది. సీటు మోకాళ్ళకు అడ్డం రానంత కిందికి ఉంటుంది. ముందు ఒకటే పళ్ళచక్రం, వెనక సాధారణంగా ఏడు గేర్లు. ఆ ఏడూ వేగంగా పోతున్నప్పుడు ఇంకా వేగంగా పోవడానికి పనికొచ్చేవే తప్ప, ఎత్తు ఎక్కడానికి కావలసిన తేలిక గేరు వాటిలో ఉండదు. మొత్తం బరువు 15 నుంచి 18 కిలోలు. ఎదురు కొండకు తొక్కితే కాలి బలంలో కొంత షాకులు మింగుతాయి, కొంత మెత్తటి రబ్బరు టైర్లు మింగుతాయి, మిగిలింది తొక్కేవాడి ఓపికను మింగుతుంది. కాబట్టి ఈ ఆటకు హెల్మెట్ ఎంత అవసరమో బండి కూడా అంతే అవసరం. సైకిలు గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు బండి గురించి మాట్లాడరు. ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకుంటారు.

మొదటి నుంచీ ఇదే వరస. ఈ ఆటకు పుట్టిల్లు అనదగ్గ చోటు కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటితే వస్తుంది. అక్కడ ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరి పక్క కొండ మీద, అడవికి నిప్పంటుకుంటే ఫైరింజన్లు పోవడానికి వేసిన మట్టి రోడ్డొకటి ఉంది. సుమారు 2 మైళ్ళ దూరంలో 1,300 అడుగులు కిందికి దిగుతుంది. 1976 అక్టోబరు 21న చార్లీ కెల్లీ, ఆయన మిత్రులు ఆ రోడ్డు మీద గడియారం పెట్టుకుని పందెం నడిపారు. వాళ్ళ సైకిళ్ళు 1930లు, 40ల నాటి పాత ఇనుప బండ్లు. లావు టైర్లు, పెడలు వెనక్కి తొక్కితే పట్టే హబ్బు బ్రేకు. ఒక్కసారి దిగేసరికి ఆ హబ్బులోని గ్రీజంతా వేడికి పొగై పోయేది. విప్పి మళ్ళీ గ్రీజు కూరితే గాని రెండోసారికి పనికొచ్చేది కాదు. ఆ కూరే పనినే రీప్యాక్ అన్నారు, రోడ్డుకూ అదే పేరు నిలిచిపోయింది. గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగిన రికార్డు గురించి, జో బ్రీజ్ 1977లో ఈ పని కోసమే తయారు చేసిన ఫ్రేము గురించి పుస్తకాలున్నాయి. ఆ ఇరవై కిలోల పైచిలుకు ఇనుప సైకిళ్ళను కొండ మీదికి మోసిన పికప్పుల గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. నెట్టుకుంటూ ఎక్కేవాళ్ళు నెట్టుకున్నారు, పికప్పున్న స్నేహితుడు దొరికినవాళ్ళు అందులో వేసుకున్నారు. ఆ స్నేహితుడికి ఆ రోజుల్లో ఎంత గిరాకీ ఉండేదో ఊహించుకోవచ్చు.

ఈ గిరాకీలోనే అసలు చిక్కు ఉంది. బండి కొండెక్కుతుంది సరే, తనంతట తాను కిందికి రాదు.

నలుగురు స్నేహితులు, ఒక పికప్పు. అందరూ పైకి వెళ్ళారు. ముగ్గురు సైకిళ్ళ మీద దిగుతారు, నాలుగో అతను బండి దించుకుని కింద వాళ్ళ కోసం కాచుకుంటాడు. వంతులు వేసుకుంటే నాలుగు ట్రిప్పుల్లో ఒక్కొక్కరికి మూడు దక్కుతాయి. న్యాయంగానే ఉంది. ఇద్దరే వెళ్తే మాత్రం సగం రోజు డ్రైవరు ఉద్యోగమే. ఒక్కడే వెళ్తే అసలు ఆటే లేదు, కొండ మీద బండి, కొండ కింద మనిషి, మధ్యలో నడక.

అలాగైతే రెండు బండ్లు తీసుకెళ్దాం అంటారు ఎవరో. తెలివైన ఆలోచనలాగే వినిపిస్తుంది. ఒక బండి కింద వదిలి, అందరూ రెండో దాంట్లో పైకి వెళ్ళి, అందరూ దిగుతారు. ఎవరి వంతూ పోలేదు. ఇప్పుడు కింది బండెక్కి మళ్ళీ పైకి వెళ్తే రెండు బండ్లూ పైనే ఉంటాయి, కింద ఏదీ ఉండదు. అంటే రెండు బండ్లతో అందరూ కలిసి దిగేది ఒక్కసారే, ఆ ఒక్క దిగుడుకు రెండుసార్లు కొండెక్కాలి. ఒకసారి దిగడానికి, ఒకసారి పైన వదిలిన బండి తెచ్చుకోవడానికి. దారి మరీ పొడవైనదైతే, రోజుకు ఒక్కసారి దిగడమే గొప్ప అనిపించేదైతే ఈ పద్ధతి సరిపోతుంది. పొట్టి దారికి పనికిరాదు. కింది బండి తాళంచెవి పైన బండిలో ఉన్న జాకెట్టు జేబులో మిగిలిపోయే అవకాశాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఈ పద్ధతి ఎంత పాతదో ఆ మతిమరుపూ అంత పాతది.

అందుకే ఈ ఆటలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఏ కంపెనీ అమ్మదు. సైకిలు తొక్కని, డ్రైవింగంటే విసుగు లేని స్నేహితుడు. లేదా గాయం మానుతూ, స్టీరింగు మాత్రం తిప్పగల స్థితిలో ఉన్న స్నేహితుడు. ఈ రెండో రకం వాళ్ళను ఆటే క్రమం తప్పకుండా తయారుచేస్తూ ఉంటుంది.

బండి ఎంచుకోవడం ఈ లెక్క తరవాతి సంగతి. అమెరికాలో, కెనడాలో కొత్తగా ఈ ఆటలోకి దిగేవాడు ముందు అడిగే ప్రశ్న, దీంట్లో ఎన్ని సైకిళ్ళు పడతాయి అని. అడగవలసింది ఎంతమంది పడతారు అని. రెండే సీట్లున్న పాత రకం పికప్పుకు వెనక 8 అడుగుల తొట్టి ఉంటుంది, అందులో సైకిళ్ళ దుకాణమే పెట్టొచ్చు. కాని మనుషులు ఇద్దరే. మిగిలినవాళ్ళు వెనక తొట్టిలో కూర్చుంటారులే అంటే కాలిఫోర్నియాలో చట్టం ఒప్పుకోదు, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనూ ఒప్పుకోదు. మన ఊళ్ళలో ట్రాలీ ఆటోలో పెళ్ళివారంతా సర్దుకున్నంత తేలిగ్గా అక్కడ సర్దుకోవడం కుదరదు. కాబట్టి నాలుగు తలుపులు, ఐదు సీట్లు ఉన్న పికప్పు కావాలి. సీట్లు పెరిగితే తొట్టి తగ్గుతుంది. టొయోటా టకోమాలో నాలుగు తలుపుల రకానికి ఎక్కువగా కనిపించే తొట్టి 5 అడుగులు. 2022 మోడలుగా వచ్చిన ఫోర్డ్ మావెరిక్ అనే చిన్న పికప్పుకు నాలుగున్నర అడుగులే.

డౌన్‌హిల్ సైకిలు రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరమే దాదాపు 1.25 మీటర్లు. చక్రాలు కూడా కలిపితే రెండు మీటర్లకు వస్తుంది. అంటే ఆరున్నర అడుగులు. ఐదడుగుల తొట్టిలో ఆరున్నర అడుగుల వస్తువును నిలువుగా పెట్టడం కుదరదు, పడుకోబెడితే ఒకదాని మీద ఒకటి పడి పెడళ్ళు పక్క సైకిలు ఊచల్లో ఇరుక్కుంటాయి. దీనికి ఎవరు కనిపెట్టారో గాని, చాలా తేలికైన ఉపాయమొకటి ఉంది. వెనక తలుపు మూసే ఉంచి, సైకిలు వెనక చక్రం తొట్టిలోకి, ముందు చక్రం తలుపు మీదుగా బయటికి వేలాడేలా ఎక్కిస్తారు. ఫ్రేము కింది గొట్టం తలుపు అంచు మీద ఆనుతుంది. ఇలా పక్కపక్కన మధ్యరకం పికప్పుకు ఐదు, పెద్ద పికప్పుకు ఆరేడు వేలాడతాయి. ఐదు సీట్లు, ఐదు సైకిళ్ళు. మొదటిసారిగా లెక్క కుదిరింది.

తలుపు అంచుకూ గొట్టానికీ మధ్య మొదట్లో పాత దుప్పటో, తివాచీ ముక్కో వేసేవారు. ఆ తరవాత దుప్పటికి బెల్టులు కుట్టి, కంపెనీ పేరు ముద్రించి, ప్యాడ్ అని అమ్మడం మొదలైంది. మంచి ప్యాడే, కాదనను. సైకిలు అటూ ఇటూ జరగకుండా గొట్టాన్ని పట్టీతో బిగించవచ్చు, తలుపు మీద ఉన్న వెనక కెమెరాకు అడ్డం రాకుండా మడతపెట్టే కిటికీ కూడా కొన్నిటికి ఉంటుంది. అయితే అది దేన్ని కాపాడుతుందో తెలుసుకుని కొనాలి. మట్టి రోడ్డు దుమ్ము ప్యాడు కిందికి చేరుతుంది, బండి కుదుపుకు ప్యాడు కదులుతుంది, ఆ రెండూ కలిసి బండి రంగు మీద గరుకు కాగితం పని చేస్తాయి. రంగు పోకుండా కొన్న ప్యాడే రంగు తీస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు ముందుగా తలుపుకు పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అతికించి, దాని మీద ప్యాడు వేస్తారు. సైకిలు గొట్టానికీ అలాంటి పొరే. రంగును కాపాడే ప్యాడును కాపాడే పొర అన్నమాట. దీన్ని కాపాడేది కూడా త్వరలో వస్తుంది.

ఎక్కించే వరసలో కూడా కొంత విద్య ఉంది. రెండు బిగింపుల ఫోర్కున్న సైకిలు హ్యాండిల్ పూర్తిగా తిరగదు, కాబట్టి దాన్ని అంచున పెట్టి మిగతావి దానికి అనుగుణంగా సర్దాలి. గొట్టం కింద బ్రేకు పైపు పోతుంటే అది తలుపు అంచుకూ ఫ్రేముకూ మధ్య నలుగుతుంది, ఎక్కించేటప్పుడే చూసుకోవాలి. ఇక దొంగల సంగతి. పట్టీ అంటే తాళం కాదు. ఆట ముగిసి దారిలో భోజనానికి ఆగినప్పుడు ఒకడు హోటలు కిటికీ పక్కనే, పార్కింగు కనిపించేలా కూర్చుంటాడు. వడ్డించేవాళ్ళు ఏం తెచ్చారో అతనికి తెలియదు.

పికప్పు లేనివాళ్ళకు హిచ్ ర్యాక్ ఉంది. బండి అడుగున వెనక వైపు ట్రైలరు తగిలించడానికి ఉండే చదరపు గొట్టంలోకి ర్యాకు దూర్చి బిగించడం. ఆ గొట్టం ఎక్కువగా రెండు కొలతల్లో వస్తుంది, అంగుళంపావు, రెండంగుళాలు. తేడా ముప్పావు అంగుళమే కదా అనిపిస్తుంది. నాలుగు డౌన్‌హిల్ సైకిళ్ళు 17 కిలోల చొప్పున 68, ర్యాకు బరువు ఒక 30, మొత్తం దగ్గర దగ్గర క్వింటాలు. ఈ క్వింటాలు బండి మీద ఉండదు, బండి వెనక గాలిలో వేలాడుతుంది. గొట్టానికి ఎంత దూరంగా ఉంటే అంత వంపు బలం దాని మీద పడుతుంది. తారు రోడ్డు మీద ఇది కదలకుండా ఉన్న బరువు. గుంతల మట్టి రోడ్డు మీద ప్రతి కుదుపుకూ పైకి లేచి కింద పడే బరువు. అందుకే చాలా కంపెనీలు తారు రోడ్డుకు చెప్పే పరిమితిని మట్టి రోడ్డుకు తగ్గించి చెబుతాయి. ఆ సంగతి పెట్టె లోపల పుస్తకంలో ఉంటుంది. పెట్టె లోపల పుస్తకం చదివే అలవాటు ప్రపంచంలో ఎక్కడా లేదు.

డౌన్‌హిల్ దారులకు పోవాలంటే రెండంగుళాల గొట్టమే నయం. సైకిలును ఫ్రేము దగ్గర పట్టుకునే పాత రకం కాకుండా, చక్రాల దగ్గర పట్టుకునే పళ్ళెం రకం మేలు. సన్నటి కార్బను ఫ్రేమును పట్టు వేసి బిగించడం దాన్ని తయారు చేసినవాళ్ళు ఒప్పుకునే పని కాదు. ఐదారు సైకిళ్ళు దాటితే నిలువు ర్యాకులున్నాయి. వాంకూవర్ నగరానికి ఎదురుగా ఉండే నార్త్ షోర్ కొండల పేరుతో, బ్రిటిష్ కొలంబియాలోనే తయారయ్యే రకమొకటి సైకిలును ఫోర్కు పైభాగం పట్టుకుని ఎండబెట్టిన చేపల్లా వరసగా వేలాడదీస్తుంది. చూడటానికి ఘోరంగా ఉంటుంది, పని మాత్రం గట్టిది. చిన్న కారుకు తగిలిస్తే మాత్రం వెనక అద్దంలో ఇక ఏమీ కనిపించదు, బయటివాళ్ళకు మీ నంబరు ప్లేటూ లైట్లూ కనిపించవు. బ్రిటన్‌లో ఇలాంటప్పుడు ర్యాకు మీద వెలుతురుతో సహా రెండో నంబరు ప్లేటు పెట్టాలన్నది నియమం.

ఎవరూ ముందుగా ఆలోచించని చిక్కులు రెండున్నాయి. ఒకటి పొగగొట్టం. ర్యాకు మీద కింది వరసలో ఉన్న టైరు సరిగ్గా పొగగొట్టం ఎదురుగా వస్తే గంటసేపు కొండెక్కేసరికి రబ్బరు మెత్తబడుతుంది, కార్బను రిమ్మైతే పాడైపోయినా ఆశ్చర్యం లేదు. రెండోది రోడ్డుకు అడ్డంగా ఉండే మట్టి కట్టలు. కొండ అటవీ రోడ్ల మీద వాననీరు రోడ్డు వెంబడి పారి కోసేయకుండా, పక్కకు మళ్ళించడానికి అడ్డంగా గట్లు వేస్తారు. బండి ముందు చక్రాలు గట్టు దాటుతాయి, వెనక చక్రాలు దాటుతాయి, బండికి మూడడుగులు వెనక్కి సాగిన ర్యాకు మాత్రం గట్టు తవ్వుకుంటూ వస్తుంది. బండి ఎత్తు చూసి మురిసిపోయినవాళ్ళకు ర్యాకు ఎత్తు గుర్తుండదు.

కప్పు మీద మోసే క్యారియరు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 17 కిలోల బురద సైకిలును తలపైకి ఎత్తడం ఒక ఇబ్బంది. సైకిలు పైన ఉందన్న సంగతి మరచిపోయి ఇంటి గ్యారేజీలోకి బండి పోనివ్వడం రెండో ఇబ్బంది. మొదటిది రోజూ జరుగుతుంది, రెండోది ఒక్కసారే జరుగుతుంది.

సియాటిల్ పక్క ఇసాక్వాలో, బే ఏరియాలో ఫ్రీమాంట్‌లో ఉండే తెలుగు ఇళ్ళకు ఇక్కడొక మంచి వార్త. వాకిట్లో ఉన్న సియెన్నా మినీవ్యానునో, ఒడిస్సీనో చూసి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల సూట్‌కేసుల కోసం, కాస్ట్‌కో బియ్యం బస్తాల కోసం కొన్న బండి ఈ పనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఒడిస్సీ చివరి వరస సీట్లు నేలలోకి మడిచి, ముందు చక్రాలు విప్పేస్తే రెండు మూడు సైకిళ్ళు లోపలే నిలబడతాయి. తాళం పడుతుంది, వానకు తడవవు, ఏముందో బయటికి తెలియదు. పికప్పు ప్యాడు మీద వేలాడే లక్షల రూపాయల సైకిలు కన్నా, లోపల దుప్పటి కప్పుకున్న సైకిలు భద్రం. ఒకటే లోపం, బండి అడుగు నేలకు దగ్గర. మంచి రోడ్డున్న కొండలకే తీసుకెళ్ళాలి. పెద్ద వ్యానుల సంగతి వేరు. స్ప్రింటర్, ట్రాన్సిట్ లాంటి వాటిలో పైన మంచం వేసుకుని, మంచం కింద సైకిళ్ళు పెట్టుకుని నెలల తరబడి తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళది బండి ఎంపిక అనేకంటే జీవితం ఎంపిక అనాలి. దాని మీద సలహా ఇవ్వను.

ఏ బండికైనా ఎక్కడంలో కన్నా దిగడంలోనే పరీక్ష. డ్రైవరు వంతు వచ్చినవాడు సైకిళ్ళ కన్నా ముందే కిందికి చేరాలన్న తొందరలో ఉంటాడు. బ్రేకు మీద కాలు వేసే ఉంచుతాడు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు అన్న మాట మన ఘాట్ రోడ్ల లారీ డ్రైవర్లకు ఎవరూ బళ్ళో చెప్పలేదు, చేత్తో నేర్చుకున్నారు. ఇంజను పట్టుకుంటే బ్రేకు చల్లగా ఉంటుంది. కొండ దిగే ప్రతి బండికీ శత్రువు వేడే. రీప్యాక్ రోడ్డు మీద హబ్బులో గ్రీజును మరిగించినదీ అదే, కారు బ్రేకు ఆయిలును మరిగించి పెడలును నేలకంటించేదీ అదే. సైకిలుకైతే ఇప్పుడు పెద్ద డిస్కులు వచ్చాయి. ఆటోమేటిక్ గేరు బండిలో కూడా తక్కువ గేరులో నిలిపే ఏర్పాటు ఉంటుందని తెలియని డ్రైవర్లు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు.

ఇంత తంటా ఎందుకు, ఎవరైనా టికెట్టు కొట్టి పైకి తీసుకెళ్తే పోలేదా అని అనుకున్నవాళ్ళ వల్ల ఒక వ్యాపారం పుట్టింది. కెనడాలో విస్లర్ మంచు కొండ మీద 1999 నుంచి స్కీ లిఫ్టులే వేసవిలో సైకిళ్ళను ఎక్కిస్తున్నాయి. లిఫ్టు లేని చోట వ్యాను, దాని వెనక సైకిళ్ళు నిలబెట్టే ట్రైలరు. వేల్స్‌లో ఒకప్పుడు ఇనుముకూ బొగ్గుకూ పేరుపడ్డ మెర్థిర్ టిడ్విల్ పట్టణం పక్కన 2013లో తెరిచిన బైక్‌పార్క్ వేల్స్‌లో మినీబస్సులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా తిరుగుతూనే ఉంటాయి. ఎక్కే రోడ్డు వేరు, దిగే దారులు వేరు. సీట్లు ఎన్నో ట్రైలరు మీద చోట్లూ అన్నే. డ్రైవరు జీతం తీసుకుంటాడు, కాబట్టి వంతు గొడవ లేదు. ఆ జీతానికి అతను తగినవాడే. బ్రిటన్‌లో 1997 జనవరి 1 తరవాత కారు లైసెన్సు తీసుకున్నవాళ్ళకు మినీబస్సు అర్హత దానంతట రాదు, ట్రైలరుతో నడపడానికి మరో మెట్టు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని మోఆబ్ పట్టణం నుంచి వ్యానులు సైకిళ్ళను లా సాల్ పర్వతాల మీదికి తీసుకెళ్ళి వదిలి వచ్చేస్తాయి. హోల్ ఎంచిలాడా అనే ఆ దారి 11,000 అడుగుల దగ్గర మొదలై కొలరాడో నది ఒడ్డున 4,000 అడుగుల దగ్గర ముగుస్తుంది. రోజుకు ఒక్కసారి దిగడమే ఎక్కువ. అలాంటి దారికి సొంత బండ్లు రెండు పెట్టుకుని, సాయంత్రం అలసిపోయి పైనున్న దాన్ని తెచ్చుకోవడానికి మళ్ళీ కొండెక్కేవాడికి టికెట్టు ధర ఎందుకంతో చప్పున అర్థమవుతుంది.

ఈ సౌకర్యానికి ఒక ఖర్చుంది, అది టికెట్టు మీద ఉండదు. తొక్కుకుంటూ ఎక్కేవాడు రోజుకు రెండు మూడుసార్లు దిగి అలసిపోతాడు. బండెక్కి వచ్చేవాడు ఎనిమిది పదిసార్లు దిగుతాడు. మలుపుల దగ్గర బ్రేకు గుంతలు పడేది, వాన తరవాత మట్టి కొట్టుకుపోయేది ఈ లెక్క ప్రకారమే. బండెక్కినవాళ్ళు డబ్బు కట్టింది బండికే, దారి బాగుచేసేవాళ్ళు చాలాచోట్ల ఉచితంగా పారా పట్టే స్థానిక క్లబ్బుల వాళ్ళు. పికప్పు వెనక ఐదు సైకిళ్ళతో పాటు ఒక పారా కూడా పడుతుంది. అది పట్టుకొచ్చే బండ్లు తక్కువ.

బ్యాటరీ సైకిళ్ళు వచ్చాక బండి అవసరమే తీరిపోతుందని కొందరంటున్నారు. సగమే నిజం. వాటితో కొండ ఎక్కవచ్చు, కాని అవి 22 నుంచి 25 కిలోల బరువు. ఇంటి నుంచి కొండ దాకా తేవడానికి ఇంకా గట్టి ర్యాకు కావాలి. అమెరికా అటవీ శాఖ వాటిని మోటారు బండ్ల కిందే లెక్కిస్తుంది కాబట్టి చాలా దారుల్లో ప్రవేశం కూడా లేదు.

మన దేశంలో ఈ బండి, సైకిలు ఏర్పాటు ఎక్కువమందికి అందుబాటులో ఉన్న చోటు లేహ్. హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ వెళ్ళే కుర్రాళ్ళు చాలామంది ఒక పొద్దుట జీపు కప్పు మీద అద్దె సైకిళ్ళు కట్టించుకుని ఖార్దుంగ్ లా అనే కనుమ ఎక్కుతారు, అక్కడి నుంచి లేహ్‌కు సుమారు 40 కిలోమీటర్లు దిగుతారు. పైన బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని రాసి ఉండేది. ఉపగ్రహ కొలతల ప్రకారం ఆ కనుమ 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగుల లోపే. ఫోటో బోర్డుతోనే దిగుతారు, ఊపిరి మాత్రం అసలు ఎత్తుకే ఆడుతుంది, అదే చాలినంత ఇబ్బంది. ఇక్కడ సన్నటి అడవి దారి లేదు, నుబ్రా లోయకు పోయే రోడ్డే. ఎదురుగా సైన్యం లారీలు వస్తాయి, పై భాగంలో మంచు కరిగిన నీళ్ళు రోడ్డుకు అడ్డంగా పారతాయి. సైకిలు కూడా డౌన్‌హిల్ సైకిలు కాదు, మామూలు గేర్ల సైకిలు.

మీరు వెళ్ళేట్టయితే లేహ్‌లో కనీసం రెండు రాత్రులు ఉండి ఒంటికి ఎత్తు అలవాటయ్యాకే జీపెక్కండి. జీపు మిమ్మల్ని రెండు గంటల్లోపే దాదాపు 1,800 మీటర్లు పైకి లేపుతుంది, ఒంటికి ఆ వేగం తెలియదు. పైన పావుగంట, ఇరవై నిమిషాలకు మించి ఉండొద్దు. కప్పు మీద తాళ్ళతో కట్టి తెచ్చిన సైకిలుకు బ్రేకు డిస్కు వంగి ఉండొచ్చు, ముందు చక్రం బిగింపు వదులై ఉండొచ్చు. ఎక్కేముందు చక్రం చేత్తో తిప్పి చూడండి, రెండు బ్రేకులూ నొక్కి సైకిలును ముందుకు తోసి చూడండి. అన్నిటికన్నా ముందు, లేహ్ బజారులో డబ్బు ఇచ్చేటప్పుడే ఒక మాట అడగండి. మీరు దిగుతుంటే జీపు మీ వెనకే వస్తుందా, లేక మిమ్మల్ని పైన దించి తన దారిన తాను పోతుందా? వెనక రాని జీపుకు డబ్బు కట్టకండి.